జొన్నగింజంత ఇసుక

ఎడారి దేశంలో ఉన్న మా అన్న, మానేరు ఒడ్డునున్న నాకు ఫోన్ చేసి, "తమ్మీ, మంచి ఇసుక దొరుకుతదారా?" అని అడిగాడు. కిటికీ తెరిస్తే ఇసుక, బూటు విప్పితే ఇసుక ఉండే దేశం అది. అక్కడి మనిషి సిరిసిల్లకు ఫోన్ చేసి ఇసుక అడిగితే నాకు ఒకే ఒక్క అనుమానం వచ్చింది.

"ఎండ తలిగిందా అన్నా?"

"ఎండ గాదు. తొట్టిల పోసెటందుకు."

ఆ తొట్టి సంగతి చెప్పాలి. అన్న మరమగ్గాల మీద పనిచేసేవాడు. ఆ షెడ్డు మూతపడి, మగ్గాలు పాత ఇనుము కింద తూకానికి పోయాక, కొన్నాళ్లు అద్దాల దుకాణంలో గాజు కోయడం నేర్చుకున్నాడు. అక్కడ మిగిలిన ముక్కలు తెచ్చి అతికించి, అప్పుడే పుట్టిన బిడ్డ కోసం చేపల తొట్టి చేశాడు. నీళ్లు పోసి చూశాడు. కారలేదు. ఆ సంతోషం ఆరకముందే వీసా వచ్చింది. "అచ్చినంక చేపలేస్త" అని చెప్పి విమానం ఎక్కాడు. సెలవు ఈ ఏడు కాదు, పై ఏడు అంది కంపెనీ. పై ఏడు కూడా అదే అంది. మాట మీద నిలబడే కంపెనీ.

ఈలోగా తొట్టిలో అమ్మ ఉల్లిగడ్డలు పోసింది. గాలాడక అవి మొలకెత్తాయి. ఆ లెక్కన మాది అప్పటికే మొక్కల తొట్టి.

తర్వాత నాన్న షెడ్డు కూడా ఆగింది. మగ్గాలు ఇక్కడ ఆగితే మనుషులు భివండి పోయి అక్కడి మగ్గాలు నడుపుతారు. అమ్మా నాన్నా కూడా అట్లాగే భివండి పోయారు. వదిన పిల్లను చంకనేసుకుని కోరుట్లలో తల్లిగారింటికి చేరి, వాళ్లమ్మతో కలిసి బీడీలు చేస్తోంది. ఇంటికి తాళం పడకూడదు, పొద్దూకితే దీపం పెట్టే మనిషి ఒకరు ఉండాలని అమ్మ పట్టు. ఆ మనిషిని నేను. పగలు మొబైల్ షాపులో స్క్రీన్‌గార్డులు అతికిస్తాను, పొద్దూకాక దీపం పెడతాను. మిగతా టైమంతా నాదే. అదే ఇబ్బంది.

మగ్గాలు నడిచిన రోజుల్లో మా గల్లీలో ఎవరి మాట ఎవరికీ వినిపించేది కాదు. అందుకని అందరం అరిచేవాళ్లం. ఉప్పు అందివ్వమని అరుపు, నిద్రపొమ్మని అరుపు. మా ఇంట్లో ఎవరైనా మెల్లగా మాట్లాడితే అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసేది. చప్పుడు ఆగిపోయింది, గొంతులు మాత్రం తగ్గలేదు. ఇప్పుడు ఖాళీ ఇంట్లో నేను ఎప్పుడైనా పాట అందుకుంటే, పక్కింటాయన గోడ మీదుగా తల పెట్టి, "ఎవలతోని లొల్లి?" అని అడుగుతాడు. ఎవరితోనూ కాదని చెబితే నిరాశపడి పోతాడు.

అన్న శుక్రవారం శుక్రవారం ఫోన్ చేసేవాడు. ముందు కోరుట్లకు, తర్వాత నాకు. కోరుట్లలో ఫోన్ మోగగానే పిల్ల తలుపు చాటుకు పోయేది. వదిన లాక్కొచ్చి ఫోన్ ముందు నిలబెడితే, కళ్లు మూసుకునేది. అది ఆకలని ఒకరు, నిద్రని ఒకరు, దిష్టని ఒకరు. ఉప్పు తిప్పి పోశారు కూడా. ఫోన్ మార్చి చూశారు, టైము మార్చి చూశారు.

ఒక శుక్రవారం నేను అక్కడే ఉన్నాను. అన్న తెర నిండా మొహం పెట్టి, "బిడ్డా! గిటు సూడు బిడ్డా! నేనెవర్ని?" అని అడిగాడు. పిల్ల తల్లి కొంగులోంచి ఒక కన్ను బయటపెట్టింది.

"మామ," అంది.

పిల్లలకు మీసమున్న కొత్తవాళ్లందరూ మామలే. కిరాణం ఆయన మామ, బస్సు కండక్టర్ మామ. ఆ వరుసలోకి మా అన్న కూడా చేరాడు. అందరం నవ్వాం. అందరికంటే గట్టిగా అన్నే నవ్వాడు. తర్వాత, నెట్‌వర్క్ సరిగ్గా లేదని పెట్టేశాడు. నేను మొబైల్ షాపులో పనిచేస్తాను. నెట్‌వర్క్ బాగానే ఉంది.

ఆ తర్వాత కొన్ని శుక్రవారాలు ఫోన్ రాలేదు. కోరుట్లకూ రాలేదు, నాకూ రాలేదు. మళ్లీ ఫోన్ వచ్చినప్పుడు ఇసుక అడిగాడు.

"పిల్ల నా మొఖం సూడదు," అన్నాడు. "చేపలనన్న సూత్తది గదా. తొట్టి కోరుట్లల పెట్టి, దాని ముంగట ఫోన్ పెట్టున్రి. చేపల కోసం అస్తది. నేను గాడనే ఉంట."

"అంటే చేపలు హీరోలు. నువ్వు సైడు క్యారెక్టరు."

"ఏదో ఒకటి తీరా. సినిమాలనన్న ఉంట."

"ఎసోంటి ఇసుక?" అని అడిగాను.

అన్న పనిచేసేది ఒక పెద్ద మాల్‌లో. కింది అంతస్తులో మంచమంత తొట్టి ఉందట, నిండా పచ్చని మొక్కలు. దాని అద్దం బయటివైపు తుడవడం అన్న పని. లోపలివైపు వేరే కంపెనీది. లోపల పనిచేసే మలయాళీ ఆయన తొట్టి ఖాళీ చేసి మళ్లీ నింపుతుంటే, అన్న తుడిచిన చోటే తుడుస్తూ అంతా చూశాడు. అడిగి తెలుసుకున్నాడు. మొక్కలు బతకాలంటే చేపల సంగతి తర్వాత, ముందు అడుగున పోసేది సరిగ్గా ఉండాలట.

"జొన్నగింజంత ఉండాలె," అన్నాడు. "సన్న ఇసుక పోస్తే బిగుసుకపోయి వేర్లకు ఊపిరాడది. దొడ్డు రాళ్లు పోస్తే మొక్క నిలవది. చేప ఇడిసిన మెతుకులు సందుల వడి కుళ్లుతయ్. జొన్నగింజంత. యాదుంచుకో."

యాదుంచుకోవడానికి నా బుర్రలో వేరే ఏమీ లేదు.

షాపు సామాను కోసం జగిత్యాల పోయినప్పుడు చేపల దుకాణానికి వెళ్లాను. అక్కడ ప్యాకెట్లలో నీలం, గులాబీ, చిలకపచ్చ రంగుల గులకరాళ్లు. చూస్తే పెళ్లిలో పంచే చాక్లెట్లలా ఉన్నాయి. దుకాణం ఆయన నీలం ప్యాకెట్ విప్పి, "ఇంపోర్టెడ్ తమ్మీ," అన్నాడు.

"ఎక్కణ్నుంచి?"

"హైదరాబాద్ నుంచి."

నేత ఇళ్లలో ఒక అలవాటు ఉంది. రంగున్నది ఏది చేతికొచ్చినా, తడి తెల్లగుడ్డతో ఒకసారి రుద్ది చూస్తాం. నా జేబురుమాలు తెల్లదే. నీళ్లలో ముంచి గుప్పెడు రాళ్లు అందులో వేసి నలిపాను. తీసి చూస్తే రుమాలుకు నీలి మబ్బు పట్టింది. దుకాణం ఆయనకు కోపం రాలేదు, ఆశ్చర్యం వచ్చింది.

"చేపలేమన్న చీరెలు గట్టుకుంటయా, రంగు వోతదని సూడవడ్తివి?"

"గట్టుకోవు. గా నీళ్లే తాగుతయ్."

"సిరిసిల్లనా మీది?"

"అవు."

"అరుస్తాంటెనే అనుకున్న," అన్నాడు. మొక్కలు మాత్రం అతని దగ్గరే కొంటానని మాటిచ్చి బయటపడ్డాను.

తర్వాత నా సొంత తెలివి. మా షాపు వెనుక బండలు కోసే చోట తెల్లటి రాతి ముక్కలు కుప్పగా పడి ఉంటాయి. వెన్నెల్లో మెరుస్తాయి, ఎవరూ అడగరు. సంచీడు తెచ్చి శుక్రవారం ఫోన్‌లో అన్నకు చూపించాను. అన్న మెరుపుకు పడిపోలేదు. "నిమ్మకాయ పిండు," అన్నాడు. పిండాను. రాయి మీద సన్నగా నురుగు లేచింది.

"పొంగిందా?"

"సోడా లెక్క."

"సున్నం ఉన్నది. నీళ్లల్ల కరుగుతది, మొక్కలు నిలవయ్. పారెయ్."

పారేశాను. మిగిలిన నిమ్మచెక్క నీళ్లలో పిండుకుని నేను తాగాను. పరీక్ష పాసయింది నేనొక్కణ్నే.

ఇక వాగే దిక్కని, షాపు ఓనర్ బండి అడుక్కుని గంభీరావుపేట వైపు వెళ్లాను. ఎగువన ఇసుక దొడ్డుగా ఉంటుందని నాన్న ఎప్పుడో అన్న మాట. నీళ్లు లేని పాయలో కూర్చుని, గుప్పెడు తీసి చూడడం, జొన్నగింజ గుర్తుచేసుకోవడం, పారబోయడం. గట్టు మీద ఇసుక ట్రాక్టర్ ఆపి, డ్రైవర్ బీడీ తాగుతూ నన్ను చాలాసేపు చూశాడు. ఆ ఎండలో అతనికీ నాకూ మధ్య ఒక కుక్క తప్ప ఎవరూ లేరు.

"ఏంది తమ్మీ, బంగారం పోయిందా?"

"లేదే. ఇసుక."

"ఇల్లు గడుతున్నవా?"

"చేపలకు."

అతను పొగ వదిలి ఆలోచించాడు. "ఎన్ని రూములు?"

ఆ వారంలో నన్ను ఎవరైనా అడిగిన అసలైన ప్రశ్న అదే. ఒకటే రూమని చెప్పాను. తల ఊపి, వాస్తు చూసుకోమని సలహా ఇచ్చి వెళ్లిపోయాడు. బియ్యం సంచీ నిండా ఇసుక ఎత్తి బండి మీద పెట్టుకుని ఇంటికి వచ్చాను.

ఇంట్లో అమ్మవి రెండు జల్లెడలు ఉన్నాయి. పెద్ద కన్నుల దాంట్లో పోస్తే శనగగింజంత రాళ్లు పైన ఆగిపోయేవి. కిందికి పడ్డది చిన్న కన్నుల దాంట్లో పోస్తే సన్న ఇసుక కిందికి జారిపోయేది. మధ్యలో మిగిలింది జొన్నగింజ. సంచీడు జల్లిస్తే పావు సంచీ మిగిలింది. దాన్ని చాటలో పోసుకుని పుల్లలు, వేర్లు, నత్తగుల్లలు ఏరాను. నత్తగుల్ల కూడా నిమ్మకాయకు పొంగుతుంది మరి. తరతరాలుగా బియ్యంలో రాళ్లు ఏరిన చాట అది. రాళ్లు ఉంచుకుని మిగతావన్నీ పారేస్తున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. సాయంత్రం వెలుగు ఉన్నంతసేపూ వాకిట్లో ఆ పని. ఆదివారాలు అట్లా గడిచాయి. మనిషి మాట లేకుండా రోజంతా ఉన్నానని, రాత్రి దీపం పెట్టి "హమ్మయ్య" అన్నప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించి తెలిసేది.

తర్వాత కడగడం. ఇక్కడ నేను చేసిన పని నేతపని చేసే సాలోళ్ల ఇంట్లో పుట్టినవాడే చేయగలడు.

మా పెరట్లో ఒక గోలెం ఉంది, మనిషి కూర్చునేంత పెద్దది. తాత చేతిమగ్గం నేసిన రోజుల్లో నూలుకు పట్టించే గంజి అందులోనే కలిపేవారు. తాత పోయినా, గల్లీలో మిగిలిన ఒకరిద్దరు చేతిమగ్గం వాళ్ల కోసం అమ్మ భివండి పోయేదాకా అందులో గంజి కలుపుతూనే ఉంది. మా ఇంట్లో ఏది నానబెట్టాలన్నా చెయ్యి దానంతటదే గోలెం వైపు పోతుంది. నేను ఇసుక అందులోనే పోశాను. దాని లోపలి గోడకు అట్టులా పట్టి ఉన్న తెల్ల పొరను సున్నమనుకుని, అయినా తొట్టిలో పోసేది గోలెం కాదు కదా అనుకున్నాను. రెండు చేతులతో ఇసుకను గోడకేసి రుద్ది రుద్ది కడిగాను. పైన నీళ్లు తేటపడే దాకా కడిగి, పరీక్షకని తొట్టిలో పోసి నీళ్లు నింపాను. అద్దంలా ఉంది. నన్ను నేను మెచ్చుకున్నాను. ఇంకెవరూ లేరు.

తెల్లారేసరికి తొట్టి నిండా పాలు.

మరుసటి రోజుకు పుల్లటి వాసన కూడా మొదలైంది. అప్పటికి గాని ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచి తెలిసిందేనని అర్థం కాలేదు. గోలెం గోడల మీది ఎండిన గంజిని ఇసుకతో నేనే గీకి, నేనే నానబెట్టి, ప్రతి గింజకూ నేనే పట్టించాను. భివండికి ఫోన్ చేశాను. వెనుక మగ్గాలు దడదడలాడుతున్నాయి. అమ్మ అరుపు, నా అరుపు.

"ఇసుకకు గంజి వెట్టినవా?" అంది అమ్మ.

"తెల్వక వెట్టిన."

"మంచిగైంది. ఇగ ఇస్త్రీ గూడ జెయ్." నవ్వడానికి కొంచెం ఆగింది. "తిన్నవా?"

"తిన్న."

"నా జల్లెడలు ఖరాబు జెయ్యకు. అచ్చినంక నాకు గావాలె."

ఎప్పుడు వస్తారని నేను అడగలేదు. జల్లెడలు బాగానే ఉన్నాయని చెప్పాను.

మళ్లీ మొదటి నుంచి. ఈసారి ప్లాస్టిక్ బకెట్‌లో, దోసెడు దోసెడుగా, మరిగిన నీళ్లు పోసి, చల్లారాక చేతితో కలిపి, వంచి, మళ్లీ పోసి. ప్రతి శుక్రవారం అన్నకు బకెట్ చూపించేవాణ్ని. అన్న తన రూములో పై మంచం మీద బోర్లా పడుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, సినిమా చూసినట్టు బకెట్ చూసేవాడు.

"చెయ్యి వెట్టి కలుపు. ఆఁ. గదే మురికి. ఇంకోసారి కడుగు."

"తేటగనే ఉన్నది గదనే."

"నీకట్ల కనవడుతది. ఇంకోసారి కడుగు."

మా మధ్య అంతకు ముందు "తిన్నవా, తిన్న, ఉంట మరి" తప్ప మాటలుండేవి కావు. ఇప్పుడు మురికినీళ్లు ఉన్నాయి. వాటి మీద ఎంతైనా మాట్లాడుకోవచ్చు. ఆ వంకతో రూములో ఎవరు గురక పెడతారో, క్యాంటీన్ సాంబారు ఏ రంగులో ఉంటుందో, అన్నీ తెలిశాయి. మాల్‌లో పనివాళ్లు కొనేవాళ్ల ముందు నోరు తెరవకూడదట. తొట్టి దగ్గర అసలే చప్పుడు చేయకూడదట. "పొద్దంత మూగోని లెక్క," అని అన్న ఫోన్‌లో అరిచాడు.

ఒక శుక్రవారం అన్న బకెట్‌లోకి చాలాసేపు చూసి, "ఇగ చాలు," అన్నాడు. నాకు కొంచెం దిగులేసింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

తొట్టిని అమ్మ బొంతల్లో చుట్టి, బట్టల తానులు మోసే ట్రాలీ ఆటోలో ముందే కోరుట్ల పంపించాను. ఇసుక మాత్రం నాతోనే, బస్సులో, ఒళ్లో. తడి ఆరని సంచీ. వేములవాడ దాటాక కండక్టర్ వచ్చాడు.

"ఏమున్నది తమ్మీ అండ్ల?"

"ఇసుక."

"కోరుట్లల లేదా ఇసుక?"

"ఉన్నది. కడగలె."

అతను టికెట్ ఇచ్చి, మళ్లీ నా వైపు రాలేదు.

కోరుట్లలో వదినవాళ్ల ముందుగదిలో, కిటికీ ఎండ నేరుగా పడని మూల చూసి తొట్టి పెట్టాం. వదిన, వాళ్లమ్మ చాటలు ఒళ్లో పెట్టుకుని తునికాకు చుడుతూ కూర్చున్నారు. నేను అత్తా అని పిలిచే వదినవాళ్ల అమ్మకు మొదటి నుంచీ ఈ వ్యవహారం నచ్చలేదు.

"చేపలంటే పులుసు వెట్టాలె గని, గీ సంసారమేంది వాటికి?"

"పెద్దగైనంక పులుసే అత్తా."

"ఎంత పెద్దగైతయ్?"

నేను నా చిటికెన వేలి గోరు చూపించాను. ఆమె మళ్లీ బీడీల్లో పడిపోయింది.

వదిన చాట పక్కనపెట్టి సాయానికి లేచింది. అన్న ముందే చెప్పి ఉన్నాడు, తంబాకు అంటిన చేతులు ఆ నీళ్లలో పడితే చేపలు బతకవని. ఎట్లా చెప్పాలో తెలియక ఉన్నదున్నట్టు చెప్పాను. వదిన తన వేళ్ల వైపు చూసుకుంది. ఎన్నిసార్లు కడిగినా ఆ రంగు పోదు, ఆ ఘాటు పోదు.

"నా చెయ్యి గూడ పనికిరాకపాయెనా మీ అన్నకు," అని నవ్వి, మళ్లీ కూర్చుని చాట ఒళ్లోకి లాక్కుంది.

ఆ ఇంట్లో తంబాకు అంటని చేతులు నావి కాక ఇంకో జత ఉన్నాయి. తలుపు చాటున ఉన్నాయి. "జర ఇటు రావే, ఇసుక వోద్దాం," అంటే పిల్ల వచ్చింది. ముందు అడుగున చెరువు మట్టి. ఎండబెట్టి, పొడి చేసి, జల్లించి తెచ్చిన నల్లమట్టి, వేర్లకు అదే తిండి. దాన్ని పలచగా పరిచి, మీద ఇసుక. పిల్లను స్టూలు మీద నిలబెడితే గ్లాసుతో కొంచెం కొంచెం పోసింది. వెనుక నాలుగు వేళ్లంత ఎత్తు, ముందు రెండు వేళ్లంత. అట్లా వాలుగా పోస్తే తొట్టి లోతుగా కనబడుతుందని అన్న చెప్పాడు. పిల్ల తన అరచేతితో ఆ వాలును అద్దింది. రొట్టె కొట్టినంత శ్రద్ధగా అద్దింది.

"కాకా, గిది ఎవలిల్లు?"

"చేపలది."

"గవ్వి యేడున్నయ్?"

"ఇంక రాలే."

"ఎప్పుడత్తయ్?"

"కంపెనీ సెలవియ్యాలె," అన్నాను.

వదిన చేతిలో ఆకు ఒక్క క్షణం ఆగింది. జోకులు వేసేవాడికి ముందూ వెనుకా చూసే అలవాటు ఉండదు. ఇసుక మీద స్టీలు పళ్లెం పెట్టి, గుంట పడకుండా దాని మీద నీళ్లు పోయడం మొదలుపెట్టాను. బిందె వెనుక బిందె. నీళ్లు పళ్లెం మీంచి జారి, ఇసుకను కదపకుండా పైకి వచ్చాయి. తేటగా వచ్చాయి. అత్త కూడా చుట్టడం ఆపి చూసింది. "మంచినీళ్లోలె ఉన్నయ్," అంది. ఆమె నోట్లోంచి అంతకంటే మెచ్చుకోలు రాదు.

జగిత్యాల దుకాణం ఆయన దగ్గర కొన్న మొక్కలు నాటాం. మొక్కలు వేరు పట్టేదాకా చేపలు వద్దని అన్న ఆజ్ఞ. పిల్ల రోజూ తొట్టి ముందు కూర్చుని ఖాళీ నీళ్లు చూసేదని వదిన చెప్పింది. మొక్కలు నిలబడ్డాయి, కొత్త ఆకులు వేశాయి. అప్పుడు వెళ్లి గప్పీ చేపలు వదిలాను. వాటిలో ఒకటి ఎర్రది.

ఆ శుక్రవారం ఫోన్‌ను తొట్టి కనబడేలా ఏటవాలుగా, పక్కన చెంబుకు ఆనించి పెట్టాం. మోగింది. మోగగానే పిల్ల తలుపు చాటుకు పోయింది. ఇంత ఇసుక, ఇంత నీళ్లు, ఇన్ని బస్సులు. తలుపు అక్కడే ఉంది.

అన్న తెర మీదికి వచ్చాడు. పెదవులు కదిలాయి, మాట సరిగ్గా వినబడలేదు. నేను దగ్గరికి వంగాను.

"ఒంట్లె మంచిగలేదానే?"

"మంచిగనే ఉన్నది. చేపలు బెదురుతయ్ రా," అన్నాడు. గుసగుస కంటే కొంచెం ఎక్కువ, అంతే. మా అన్నకు అట్లాంటి గొంతు ఒకటి ఉందని నాకు తెలియదు. పొద్దంతా అద్దం తుడిచే చోట వచ్చిన గొంతు అయ్యుంటుంది.

అన్న పిల్లను పిలవలేదు. "నేనెవర్ని" అని అడగలేదు. తొట్టిలోకి చూస్తూ, ఎవరినీ ఉద్దేశించనట్టు, "గా ఎర్రది యేడికి వోయింది?" అన్నాడు.

నేను చెప్పబోతే వదిన కళ్లతో ఆపింది.

"మొక్క ఎనుక ఉన్నది," అంది తలుపు.

"నాకు కనవడ్తలేదు," అన్నాడు అన్న, అదే గొంతుతో.

పిల్ల వచ్చింది. ఫోన్‌ను చెంబు మీంచి తీసి, అద్దానికి ఆనించి, మొక్క వైపు తిప్పింది. "గిటు. గిటు సూడు. గదో." తర్వాత కిందికి తిప్పి, "గీ ఇసుక నేనే వోసిన," అంది.

"మంచిగ వోసినవ్."

"నీ తాన చేపలున్నయా?"

"ఉన్నయ్ గని, అవి నాయి గావు."

పిల్ల దాని గురించి కాస్త ఆలోచించింది. "గివ్వి సూడు మరి," అంది.

మామ అనలేదు. బాపు కూడా అనలేదు. ఏ వరుసా పెట్టకుండా, పని చెప్పినట్టు 'సూడు' అంది. అన్న చూశాడు. తెర తొట్టి వైపు తిరిగి ఉంది కాబట్టి, అన్న మొహం ఎట్లా ఉందో మేమెవరం చూడలేదు. అది మంచిదే.

"గింత మెల్లగ మాట్లాడచ్చని ఇన్నొద్దులు తెల్వదా మీ అన్నకు?" అంది వదిన, బీడీ దారం పళ్లతో తెంపుతూ.

"సిరిసిల్లోళ్లు మాట్లాడితె కొట్లాడినట్టే ఉంటది. పోరి దడుసుకోదా మల్ల?" అంది అత్త. "నేను ఎప్పుడో అన్న."

అని ఉంటుంది. మగ్గాల మధ్య పెరిగినవాళ్లకు వినబడి ఉండదు. ఫోన్ మార్చాం, టైము మార్చాం, ఉప్పు తిప్పాం. గొంతు తగ్గించుకోవాలని మాత్రం మా ఇంటా వంటా ఎవరికీ తట్టలేదు. నేను "నిజమే అత్తా" అన్నాను. పిల్ల ఉలిక్కిపడి నా వైపు చూసింది. నేను వాకిట్లోకి వెళ్లి కూర్చున్నాను.

పై శుక్రవారం సిరిసిల్లలో, అన్న ఫోన్ చేసే టైముకు షాపు నుంచి ఇంటికి వచ్చి కూర్చున్నాను. మోగలేదు. నేనే చేశాను. మీరు కాల్ చేస్తున్న వ్యక్తి మరొకరితో మాట్లాడుతున్నారని ఆడగొంతు చెప్పింది. చాలా మర్యాదగా, మెల్లగా చెప్పింది. ఆమెది సిరిసిల్ల కాదు. కాసేపాగి మళ్లీ చేశాను. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఇంత కష్టపడింది ఇందుకే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. పక్కింటాయన తల పెట్టి చూశాడు. ఎవరూ లేరని సైగ చేశాను.

వాకిట్లో మిగిలిన ఇసుక గుడ్డ కింద ఉంది. తొట్టిలో ఎప్పుడైనా తగ్గితే పోయడానికి కొంచెం ఉంచమని అన్న చెప్పాడు. బకెట్‌లో వేసి, నీళ్లు పోసి, చెయ్యి పెట్టి కలిపాను. తేటగా ఉన్నాయి.

ఇంకోసారి కడిగాను.